పేజీ మారిందా? పాత అడ్రస్‌ను గాలికి వదిలేయకండి

2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. మన అడ్రస్‌లో మెదక్ జిల్లా పోయి సంగారెడ్డి జిల్లా వచ్చి చేరింది. పిన్‌కోడ్ మాత్రం మారలేదు కాబట్టి ఉత్తరాలు దారి తప్పలేదు. వెబ్ పేజీకి అలాంటి పిన్‌కోడ్ ఉండదు. యూఆర్ఎల్ మారితే గూగుల్ లెక్కలో అది కొత్త పేజీయే.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలో మందులు, రసాయనాలు, యంత్ర విడిభాగాలు తయారుచేసే కంపెనీలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాని ప్రొడక్ట్ పేజీ ఏళ్లుగా సెర్చ్‌లో ముందు వరుసలో కనిపిస్తోందనుకోండి. సైట్‌ను కొత్తగా చేయించి, పాత లింకును అలాగే వదిలేస్తే వచ్చినవాళ్లకు ‘404’ ఎదురవుతుంది. కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు పోతుంది, దాంతోపాటే ఎంక్వైరీలూ తగ్గుతాయి. డిజైన్‌కు డబ్బు పెట్టేవాళ్లు కూడా ఈ పనిని పట్టించుకోకపోవడమే అసలు సమస్య.

దీనికి మందు 301 రీడైరెక్ట్. ‘ఈ పేజీ శాశ్వతంగా అక్కడికి మారింది’ అని సర్వర్ చెప్పే మాట అది. 302 అంటే తాత్కాలికం. శాశ్వతంగా మారినప్పుడు 301 వాడాలి.

పని పెద్ద కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. ముందుగా పాత యూఆర్ఎల్స్ అన్నీ ఎక్సెల్‌లో రాసి, ఒక్కోదాని ఎదురుగా దానికి సరిపోయే కొత్త పేజీ రాయండి. అన్నింటినీ హోమ్ పేజీకి తోసేయొద్దు, అలా చేస్తే గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కగట్టొచ్చు. పాతది నుంచి కొత్తదానికి ఒకే అడుగులో చేర్చండి. సైట్‌లోని లింకులు, సైట్‌మ్యాప్ కూడా మార్చండి. డొమైనే మారితే సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ మార్పు తెలపండి. రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచాలన్నది గూగుల్ సూచన. మొదట్లో ర్యాంకులు కాస్త ఊగుతాయి, కంగారు పడొద్దు.

ఇదంతా మనకెందుకు అంటారా? కోడింగ్ కోర్సుల సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉంటాయి. పోయే ఎంక్వైరీలను ఆపగలనని చెప్పే ఫ్రెషర్ మాట ఏ యజమానికైనా వెంటనే అర్థమవుతుంది. ఉచిత హోస్టింగ్‌లో పది పేజీల సైట్ పెట్టి, యూఆర్ఎల్స్ మార్చి, ప్రతి పాత లింకునూ నొక్కి చూడండి. ఆ ఎక్సెల్ షీటునే ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. గచ్చిబౌలి బస్సెక్కే ముందు, మీ ఊరి పక్క ఫ్యాక్టరీ గేటు కూడా ఒకసారి తట్టండి.