వనపర్తికి రోడ్డే, రైలు లేదు

వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగిన కొత్తవారికి వనపర్తి కనిపించదు. స్టేషన్ ఉన్నది మదనాపురంలో. జిల్లా కేంద్రం చేరాలంటే మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి. ఊరికి దూరంగా పట్టాలు పడితే స్టేషన్ పేరు చివర ‘రోడ్డు’ అని తగిలించడం రైల్వేకు పాత అలవాటు. ఇదే మార్గంలో అలంపూర్ రోడ్డుదీ అదే కథ. నాగర్‌కర్నూల్‌కు ఆ ఓదార్పు కూడా దక్కలేదు.

నిజాం జమానాలో సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు మీటర్‌గేజ్ లైను వేశారు. కృష్ణ దాటి గద్వాల సంస్థానాన్ని కలిపిన ఆ లైను, వనపర్తి సంస్థానపు ముఖ్య పట్టణాన్ని పక్కకు వదిలేసింది. 1990లలో అది బ్రాడ్‌గేజ్ అయింది. 2013లో రాయచూరు లైను రావడంతో గద్వాల జంక్షనైంది. గద్వాల నుంచి తూర్పుగా వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మాచర్లకు సాగాల్సిన లైను మాత్రం కాగితం దాటలేదు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు మాత్రం రైలు రాలేదు. ఇప్పుడు ఈ ఊళ్ల మీదుగానే డోర్నకల్–గద్వాల లైనుకు సర్వే అంటున్నారు. సర్వేలు చూసీ చూసీ పాలమూరు అలసిపోయింది.

ఆదాయం రాదన్నది ఎప్పుడూ వినిపించే అభ్యంతరం. రైలు ఆగని చోటికి జనం రారు. జనం రాలేదని ఉన్న రైలూ ఆపేస్తారు. పల్లె స్టేషన్లు పాడుబడేది ఇలాగే. పొట్ట చేత పట్టుకొని వలసపోయే కూలీకి, పట్నంలో చదివే పేదింటి పిల్లకు, కురుమూర్తి జాతరకు వచ్చే భక్తులకు రైలే చవకైన ప్రయాణం. ఆ అవసరాన్ని ఒక్క టికెట్ల రాబడితో తూచడం అన్యాయం.

అందుకే మేం గట్టిగా కోరుతున్నాం. గద్వాల–వనపర్తి–నాగర్‌కర్నూల్ భాగాన్ని తొలి దశగా ప్రకటించి, నిధులు, గడువు బడ్జెట్‌లోనే చెప్పాలి. భూసేకరణ బాధ్యత రాష్ట్రం తీసుకోవాలి. అంతదాకా వనపర్తి రోడ్డులో రైళ్ల వేళలకు తగ్గట్టు ఆర్టీసీ బస్సులు నడపాలి. చిన్న స్టేషన్లలో ప్యాసింజర్ రైళ్ల హాల్టులు తీసేయకూడదు. ఈ మూడు జిల్లాల ప్రజాప్రతినిధులు పార్టీల గీతలు పక్కనపెట్టి ఒక్క మాట మీద నిలబడాలి.

పసుపు బోర్డు మీద ‘రోడ్డు’ అన్న తోక లేకుండా వనపర్తి పేరు చదువుకునే హక్కు ఆ ఊరికి ఉంది.