ఓపీ చీటీ రాసేది రేపు మీరే

కోహీర్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. పోయి రావడానికి రోజంతా పడుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. కోహీర్ వైపు ఉండే ఓ ట్రాన్స్‌మహిళకు బీపీ ఉందనుకుందాం. మాత్రలు దగ్గర్లోని పీహెచ్‌సీలో ఉచితంగా దొరుకుతాయి. అయినా ఆమె నగరం బస్సే ఎక్కుతుంది, లేదంటే మాత్రలే మానేస్తుంది. ఎందుకంటే డాక్టర్ గది కంటే ముందు ఓపీ కౌంటర్ ఉంటుంది. ఆధార్‌లో ఒక పేరు, ఎదురుగా ఇంకో మనిషి. ‘మగనా, ఆడనా?’ అని గట్టిగా అడిగితే లైన్లో ఉన్నోళ్లంతా వెనక్కి తిరిగి చూస్తారు. ఇంకోసారి ఆ గడప తొక్కబుద్ధి అవుతుందా?

ఇలాంటి వాళ్ల కోసమే 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో ‘మిత్ర్’ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్లే నడిపే క్లినిక్ అది. మామూలు జబ్బులకు వైద్యం, హార్మోన్లపై సలహా, కౌన్సెలింగ్, హెచ్‌ఐవీ పరీక్ష అన్నీ ఒక్కచోటే. డబ్బు మాత్రం అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ది. 2025లో అక్కడ కొత్త ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయగానే ఇక్కడ క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ ముందుకొచ్చాక ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది. సంతోషమే. కానీ బీపీ, షుగర్ జీవితాంతం ఉండే జబ్బులు. వాటి మందులు ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టే సంతకం మీద ఆధారపడితే ఎట్లా?

రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో జిల్లాకొకటి చొప్పున 33 మైత్రి ట్రాన్స్ క్లినిక్‌లు ప్రారంభించింది. మంచి అడుగు. హార్మోన్ చికిత్స లాంటి వాటికి అవసరం కూడా. అయితే జ్వరమొస్తే జిల్లా కేంద్రానికి ఎవరు పోతారు? దగ్గుకు, కడుపునొప్పికి అందరం పోయేది దగ్గర్లోని దవాఖానాకే. ఇక బీమా అంటారా, ట్రాన్స్‌జెండర్లకు ఏటా రూ.5 లక్షల కవరేజీ ఇస్తామని 2022లో కేంద్రం ప్రకటించింది. ఆ పథకం ఆస్పత్రిలో చేరిన వాళ్లకు ఉద్దేశించింది. ఓపీ లైన్లో నిలబడ్డ మనిషికి దాంతో ఒరిగేది తక్కువ.

అందుకే ఈ మాట మీతో చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరులో మన మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్, 2,050 నర్సింగ్ ఆఫీసర్, 633 ఫార్మసిస్ట్ పోస్టులకు వరసగా నోటిఫికేషన్లు ఇచ్చింది. మీలో ఎంతోమంది అలాంటి నోటిఫికేషన్ కోసమే చదువుతున్నారు. రేపు పల్లె దవాఖానాలోనో పీహెచ్‌సీలోనో ఆ కుర్చీలో కూర్చునేది మీరే.

‘మర్యాదగా మాట్లాడితే చాలదా?’ అంటారేమో. మర్యాద ముందు కావాలి, నిజమే. దాంతోపాటు విషయం కూడా తెలియాలి. పైన చెప్పిన ట్రాన్స్‌మహిళకు బీపీకి టెల్మిసార్టాన్ రాశారనుకోండి. ఆమె ఎవరికీ చెప్పకుండా హార్మోన్ల కోసం స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే? రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కౌంటర్లో అవమానపడ్డ మనిషి లోపలికొచ్చి ఈ సంగతి చెబుతుందా? సలహా లేకుండా గర్భనిరోధక మాత్రలు మింగేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకరు కాలు వాచి నొప్పి అంటూ వస్తే, రక్తం గడ్డకట్టిందేమోనని నర్సుకు అనుమానం రావాలి. టెస్టోస్టిరాన్ వాడే ట్రాన్స్‌పురుషుడి హిమోగ్లోబిన్‌ను ఆడవాళ్ల కొలతతో చూస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. రిపోర్టు ఇచ్చే ముందు ల్యాబ్ టెక్నీషియన్‌కు ఇది గుర్తుకు రావాలి. గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్‌పురుషుడికి ఆ క్యాన్సర్ పరీక్ష కూడా చేయాలి. ఆయన్ను ఆడవాళ్ల వార్డు బయట నిలబెడితే ఆ పరీక్షకు రానే రాడు.

పుస్తకాలు ఇవన్నీ నేర్పిస్తాయని నమ్మకం పెట్టుకోకండి. 2024 ఆగస్టు చివర్లో జాతీయ వైద్య కమిషన్ ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యాంశాల్లో స్వలింగ సంబంధాలను మళ్లీ అసహజ నేరాల్లో చేర్చింది. విమర్శలు రావడంతో వారం తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం తన కొత్త వ్యాధుల జాబితాలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల నుంచి తీసేసింది. ఆ జాబితా 2022 నుంచే అమల్లో ఉంది.

అసలు ఆ కుర్చీలో ట్రాన్స్‌జెండర్లే ఎందుకు కూర్చోకూడదు? డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ ఎంబీబీఎస్ పట్టాలున్నా ప్రైవేటు ఉద్యోగాల్లో తిరస్కారాలు ఎదుర్కొన్నారు. 2022 చివర్లో ఉస్మానియా ఆస్పత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లే. ఇది చదువుతున్న ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ, మీరు కూడా అప్లై చేయండి.

‘మండలంలో ఎంతమంది ఉంటారు, వాళ్ల కోసం ఇంత హడావుడా?’ అని కొందరంటారు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. మండలాలకు పంచితే కొద్దిమందే. కొద్దిమందే కాబట్టి కొత్త భవనం, కొత్త బడ్జెట్ అడగనక్కర్లేదు. చీటీ రాసేటప్పుడు ‘ఏ పేరుతో పిలవమంటారు?’ అని మెల్లగా అడిగి, ఆ పేరే పిలిస్తే సరిపోతుంది. దానికి ఏ జీవో కోసమూ ఆగాల్సిన పనిలేదు.