మొక్క నాటగానే సరా?

వానాకాలం వచ్చిందంటే చాలు, ఎక్కడ చూసినా మొక్కలు నాటే సందడే. సరే, బాగానే ఉంది. ఎండాకాలంలో ఆ మొక్క ఏమైందని అడిగేవారేరీ?

మా అనంతపురం సీమలో ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఇక్కడ అడవి పెరగాలంటే నాటడంకన్నా కాపాడటం ముఖ్యం. చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్లవారు కలిసి కల్పవల్లి గుట్టల్లో చేసి చూపించింది ఇదే. తొలకరికి విత్తనాలు వేశారు. గడ్డి ఎండే వేళకు మంటలు పాకకుండా అడ్డంగా బాటలు చెక్కారు. చెట్లు నరకకుండా కాపలా కాశారు. బోడిగుట్టలు పచ్చబడ్డాయి. గడ్డి, ఈతాకు బతుకుతెరువయ్యాయి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. గుంట తవ్వితే కొలత ఉంటుంది, కొలతకు కూలి ఉంటుంది. మరి నిప్పు పడకుండా కాచిన వేసవిని ఏ టేపుతో కొలుస్తారు?

ఇల్లాలి చాకిరీ లాంటిదే ఇదీ. సవ్యంగా జరిగితే ఎవరికీ కనబడదు. కట్టెలకూ, గడ్డికీ కొండెక్కే ఆడవాళ్లకే ఆ కాపలా అప్పగించండి. వానాకాలానికే కాదు, ఎండాకాలానికీ కూలి రాయండి. నాటిన మొక్కల లెక్క తర్వాత, బతికినవెన్నో ముందు చెప్పండి!