కార్బైడు సమీక్షలు



కొత్తగా కలం పట్టినవారికి మన సాహిత్యలోకంలో ఒక హితబోధ తరచుగా వినవస్తుంది. "ముందు అందరినీ మెచ్చుకో. పేరు రానీ. నిజం చెప్పడానికి తరువాత బోలెడంత కాలముంది." చెప్పేవారు వాత్సల్యంతోనే చెబుతారు. అయినా ఇంతకు మించిన దుర్బోధ మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. పదేళ్లు పొగడ్తకు అలవాటుపడిన నాలుక పదకొండవ ఏట సత్యం పలుకుతుందా?

మాది మామిడి సీమ. వేసవి వస్తే చింతలపూడి నుండి నూజివీడు దాకా రసాలదే రాజ్యం. పచ్చికాయను కార్బైడుతో మగ్గబెడితే తొక్క పసుపెక్కుతుంది గాని, టెంక దగ్గర పులుపు పోదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆ పద్ధతిని నిషేధించాయి. చదవకుండా రాసే సమీక్షను నిషేధించే చట్టం మాత్రం లేదు. అట్ట చూచి, ముందుమాట తిరగేసి, 'అందరూ చదువదగిన గ్రంథం' అని ముగించే రాతలన్నీ కార్బైడు సమీక్షలే. వాటిని నమ్మి డబ్బు పెట్టి కొన్న పాఠకుడు మోసపోతాడు. తన లోపమేమిటో తెలియని కవి రెండవ పుస్తకంలోనూ అదే లోపం చేస్తాడు.

నిజం చెబితే ఎదగలేమనేవారు మన విమర్శ చరిత్ర చూడాలి. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువడేనాటికి కట్టమంచి రామలింగారెడ్డిగారికి ముప్పది అయిదేళ్లు నిండలేదు. పింగళి సూరన కల్పనాశక్తిని మెచ్చుతూనే ప్రబంధకవుల వర్ణనల మోజును వారు నిలదీశారు. సంప్రదాయవాదులు మండిపడ్డారు. నేటికీ ఆధునిక తెలుగు విమర్శను గురించి మాట్లాడేవారెవరూ ఆ గ్రంథాన్ని దాటిపోలేరు.

రాచమల్లు రామచంద్రారెడ్డిగారి సంగతి మరీ ముఖ్యం. 1968లో కడప నుండి 'సంవేదన' త్రైమాసికను ఆరంభించిన ఆయన మార్క్సిస్టు. అయినా స్వపక్షమన్న కారణంతో అభ్యుదయ రచయితల లోపాలను దాచలేదు. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన అనుభవం వెనుక ఉండగా 'అనువాద సమస్యలు' రాశారు. తప్పు ఉన్నదని ఊరుకోక, వాక్యం ముందుంచి ఎందుకు తప్పో చూపడం ఆయన పద్ధతి. ఆ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఇక తిట్టడమే నిజాయితీ అనుకునే కుర్రకారు కూడా ఉన్నారు. అదీ కార్బైడే. ఆధారం లేని పొగడ్తకూ, ఆధారం లేని తెగడ్తకూ మూలం ఒక్కటే: బద్ధకం. నిజాయితీకి ఓపిక కావాలి. పుస్తకం రెండుమార్లు చదవాలి. నచ్చిన చోటుకూ, నచ్చని చోటుకూ పుటసంఖ్య రాసుకోవాలి. రచయిత బంధువో మిత్రుడో అయితే ఆ మాట ముందే చెప్పాలి.

ప్రత్యేక వ్యాసం రాసేవారికీ ఇదే నియమం. మామిడిపై వ్యాసమంటే రసాల తీపిని నాలుగు విశేషణాలతో వర్ణించడం కాదు. తోట కౌలుకిచ్చిన రైతునూ, కాయ కోసే కూలీనీ, తూకం వేసే వ్యాపారినీ వేరువేరుగా అడగాలి. ముగ్గురి మాటలూ కలియని చోటనే వ్యాసం మొదలవుతుంది. అందుకు ఒక్క పూట చాలదు. మళ్లీ మళ్లీ వెళ్లాలి.

రాసినదాన్ని తిరగరాయడం చిన్నతనమనుకునేవారికి గురజాడవారిని గుర్తుచేస్తాను. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకాన్ని ఆయన ఎంతగానో మార్చి, పెంచి 1909లో మళ్లీ ప్రకటించారు. మనం నేడు చదువుకుంటున్నది ఆ రెండవ కూర్పునే. అంతటివాడికి లేని తొందర మనకెందుకు?

కనుక కొత్త రచయితలకు నా మనవి ఒక్కటే. ఈసారి ఎవరైనా పుస్తకం చేతికిచ్చి "నాలుగు మంచి ముక్కలు రాయండి" అంటే, "చదివి రాస్తాను, మంచివో కావో చదివాక తెలుస్తుంది" అనండి. వారు పుస్తకం వెనక్కి తీసుకుంటే తీసుకోనివ్వండి.

స్వస్తి.