నిద్రపోయేవాడి ఇంట్లో సర్దుళ్ళా?

"లినక్సునుంచి విండోస్ విభాగంలోకి రాయనివ్వకుంటే బలవంతంగా మౌంటు చేసెయ్యండి" అని సెలవిచ్చే పెద్దలారా, పోయేది మీ దస్త్రాలు కావు గదా!

2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని, ఫాస్ట్ స్టార్టప్ అమలులో ఉంటే షట్‌డౌన్ అసలైన షట్‌డౌన్ కాదు. కెర్నెల్ హైబర్నేషన్‌లోకి జారుకుంటుంది, డిస్కు లెక్కలన్నీ కడుపులో దాచుకొని. ఆ నిద్రలో మనం అక్కడ ఏదైనా రాస్తే, మేలుకున్నాక అది తన పాత లెక్కల ప్రకారమే నడుస్తుంది. అప్పుడు మన రాతే కాదు, దాని పట్టికలూ ఛిన్నాభిన్నం కావచ్చు. ఎన్టీఎఫ్ఎస్-3జీ రాయడానికి ఒప్పుకోక, చదువుకోవడానికి మాత్రమే తెరిచేది అందుకే. దాన్ని మొండితనమనడం అన్యాయం. మీరు చెప్పే 'రిమూవ్_హైబర్‌ఫైల్' ఆ దాచిన స్థితినే తుడిచేస్తుంది. యజమాని నిజంగానే హైబర్నేట్ చేసి ఉంటే, భద్రపరచని పనంతా గంగలో కలుస్తుంది.

విండోస్‌లో 'రీస్టార్ట్' నొక్కి లినక్సులోకి వస్తే చాలు. ఈమాత్రం చెప్పడానికి మీకు నోరు రాదేం?