పాటగాడి బిడ్డకు దక్కవలసిన వాటా

తెనాలి నుంచి బాపట్ల మీదుగా చీరాల వెళ్లే రైలు మార్గంలో చుండూరు, స్టువర్టుపురం అనే రెండు చిన్న స్టేషన్లు ఉన్నాయి. మొదటి ఊరిలో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను హతమార్చారు. రెండవది, ఎరుకలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన వలస ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో నెలకొల్పిన సెటిల్మెంటు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో కళకూ ఉద్యమానికీ ఉన్న సంబంధాన్ని చర్చించేవారు ఈ రెండు పేర్లను తప్పించుకోలేరు. కారంచేడు, చుండూరు ఘటనల అనంతరమే దళిత కవిత్వం ఒక ధారగా తెలుగు సాహిత్యం నడిబొడ్డుకు వచ్చింది. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం అందుకు సాక్ష్యం. స్టువర్టుపురానికి మాత్రం ఒక కవి కుమార్తె స్వయంగా నడిచి వచ్చింది. ఆమె హేమలతా లవణం. ఆమె తండ్రి గుర్రం జాషువా.

1895లో వినుకొండలో పుట్టిన జాషువాను నేడు అన్ని పక్షాలూ మహాకవిగా కీర్తిస్తున్నాయి. ఆయన బతుకుతెరువు చరిత్రను మాత్రం తక్కువగా తలచుకుంటాం. చిన్న వయసులోనే పెళ్లయింది. మిషనరీ పాఠశాలలో కొద్దిపాటి జీతానికి చేసిన ఉద్యోగం పోయింది. అప్పుడు రాజమండ్రి వెళ్లి మూగ సినిమాలకు కథ వినిపించే వాచకుడిగా పనిచేశారు. తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడయ్యారు. 1928 నుంచి 1942 వరకు తెలుగు పండితుడిగా కొనసాగారు. కులం కారణంగా అవమానాలూ, ఇల్లు గడవడం కోసం వెతుకులాటా ఆయన కవిత్వంతో పాటే నడిచాయి.

1932లో వెలువడిన 'పిరదౌసి' కావ్యాన్ని ఈ నేపథ్యంలో మళ్లీ చదవాలి. బంగారు నాణేలిస్తానన్న సుల్తాను మాట తప్పాడు. పారశీక మహాకవి పేదరికంలో కన్నుమూశాడు. నాణేలు ఇంటికి చేరేసరికి శవయాత్ర బయలుదేరిందనీ, కవి కుమార్తె ఆ సొమ్మును తిరస్కరించిందనీ లోకంలో ప్రచారంలో ఉన్న గాథ. రాజు మాటకూ కవి ఆకలికీ మధ్య ఉన్న దూరం జాషువాకు పుస్తకాలలో మాత్రమే తెలిసిన విషయం కాదు.

హేమలత 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని కులాంతర వివాహం చేసుకున్నారు. 1970వ దశకంలో దంపతులిద్దరూ స్టువర్టుపురంలో నేరస్థ ముద్ర మోస్తున్న కుటుంబాల పునరావాసానికి పూనుకున్నారు. ఆ తర్వాత ఆమె జోగినీ దురాచారంపై పోరాడారు. తండ్రి 'గబ్బిలం'లో గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి గోడును గబ్బిలం ద్వారా శివునికి పంపాడు. కుమార్తె ఆ గోడును ప్రభుత్వ కార్యాలయాలకూ, ఊరి రచ్చబండకూ తీసుకువెళ్లింది. కళ ఒక అన్యాయానికి పేరు పెడుతుంది. ఆ పేరును చేతబట్టుకొని సంస్థలను కదిలించేది ఉద్యమం. ఒకటి లేకుంటే రెండవది సగంలోనే ఆగిపోతుంది.

అయితే కళాకారుడి ఇల్లు నిలబడినప్పుడే ఈ వారసత్వం సాధ్యమవుతుంది. నేటి పరిస్థితి ఏమిటి? రాష్ట్రంలో డప్పు కళాకారుల పింఛనును 2024లో మూడు వేల రూపాయల నుంచి నాలుగు వేలకు పెంచారు. ఇది స్వాగతించదగినదే. ఒకప్పుడు వెట్టిగా మోగించిన వాద్యాన్ని కళగా రాజ్యం గుర్తించడం దళిత ఉద్యమ విజయం. కానీ ఆ పింఛనుకు యాభై ఏళ్లు నిండాలి. పిల్లల బడి ఫీజులు, కాలేజీ చదువులు, ఇంటి అద్దె కళాకారుడికి యాభై నిండేదాకా ఆగవు. తండ్రికి పింఛను మంజూరయ్యేనాటికి కొడుకు చదువు మాని కూలికి వెళ్లి ఉంటాడు. సుల్తాను నాణేల మాదిరిగానే మన ప్రభుత్వాల ఆదరణ కూడా ఆలస్యంగానే గడప తొక్కుతోంది.

ఉద్యమాలు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. సభ జరిగితే మైకుకూ, షామియానాకూ లెక్కకట్టి చెల్లిస్తాం. జనాన్ని కూర్చోబెట్టిన పాటగాడికి శాలువా కప్పి, బస్సు చార్జీ చేతిలో పెడతాం. త్యాగం పేరుతో కళాశ్రమను ఉచితంగా వాడుకోవడం, కులవృత్తి పేరుతో ఊరు చేయించుకున్న వెట్టికి ఎంత దూరంలో ఉంది?

కూలి తీసుకుంటే, ప్రభుత్వ జీతం తీసుకుంటే కళ పదును తగ్గుతుందన్న వాదన ఒకటుంది. జాషువా జీవితమే దానికి సమాధానం. 'గబ్బిలం' వెలువడిన 1941 నాటికి ఆయన ఉద్యోగంలో ఉన్నారు. నెలజీతం ఆ కలాన్ని మొద్దుబార్చలేదు. కళాకారుణ్ని లొంగదీసేది క్రమబద్ధమైన వేతనం కాదు. ఎవరి దయ మీద రేపటి పూట గడుస్తుందో తెలియని స్థితి. దాత ముఖం చూడవలసిన అవసరం లేనివాడే దాతను ప్రశ్నించగలడు.

కనుక చేయవలసిన పని స్పష్టం. ప్రభుత్వ పాఠశాలల్లో డప్పు, వీధినాటకం, బుర్రకథ నేర్పేందుకు స్థానిక కళాకారులను వేతనంపై నియమించాలి. పింఛను వయసుకు చేరని కళాకారుల పిల్లల చదువుకు ప్రత్యేక ఉపకార వేతనం ఉండాలి. దళిత, వామపక్ష, విద్యార్థి సంఘాలు తమ సభల ఖర్చులో కళాకారుడి కూలిని మొదటి పద్దుగా రాయాలి. ఏటా సెప్టెంబరు 28న జాషువా విగ్రహానికి దండ వేసే చేతులు, ఆ రోజు వేదిక మీద పాడినవారి ఇంట్లో పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో కనుక్కోవాలి. మరో హేమలత ఆ ఇళ్లలోంచే రావాలి.