జ్ఞానదాతకు బహుమానము

అన్నదానము నాటి యాకలిని దీర్చును. విద్యాదానము తరతరముల యాకలిని దీర్చును. ఇంటర్నెట్టునందలి విజ్ఞానసర్వస్వమైన తెలుగు వికీపీడియా 2003వ సంవత్సరమున ఆరంభమైనది. నాటినుండి దానిని పోషించుచు వచ్చినవారు ప్రధానముగ ప్రతిఫలము గోరక వ్రాయు స్వచ్ఛందసేవకులే. ఇట్టివారికి బహుమానము లీయవచ్చునా? ఇచ్చినచో నెట్టివి యీయవలెను? ప్రశ్న చిన్నదిగ గనుపించినను, తెలుగుభాష విజ్ఞానమునకు వాహికగ నిలుచుటయో, యితరభాషల వాకిట చేయిచాచుటయో దీనిపై కొంత యాధారపడియున్నది.

సేవ చేయువానికి బహుమానమేల యని కొందఱందురు. ఈ వాదము మాకు సమ్మతము గాదు. 2012లో ప్రకటితమైన యొక పరిశోధనను జూడుడు. ఆంగ్ల వికీపీడియాలో మిక్కిలి శ్రమించువారిలో 200 మందిని ఎన్నుకొని, అందు సగముమందికి మాత్రము ‘బార్న్‌స్టార్’ అను మెప్పుదల చిహ్నము నొసంగిరి. తరువాతి 90 దినములలో, చిహ్నమందినవారి పని అందనివారి పనికంటె నూటికి 60 వంతు లధికమయ్యెను. ఆ చిహ్నమునకు అంగడిలో గవ్వ విలువ లేదు. జర్మను వికీపీడియాలో క్రొత్తవారికి ధనములేని పురస్కారము లొసంగగా, నిలిచి పనిచేయువారు నూటికి 20 వంతులు హెచ్చిరని యానా గాలుస్ అను విదుషి 2017లో ప్రకటించినది. పైస చేతబడకున్నను, తోడివారి గుర్తింపు మనుష్యుని కార్యోన్ముఖుని జేయునని దీనివలన తేటపడుచున్నది.

ఇక రెండవ ప్రక్కను జూతము. 2009 మొదలు 2011 వరకు గూగుల్ సంస్థ వేతనము లిప్పించి, యంత్రసహాయముతో ఆంగ్లవ్యాసములను తెలుగులోనికి మార్పించినది. వ్యాసముల సంఖ్య పెరిగెను. కాని వానిలో పెక్కింటి భాష చదువరికి కొఱుకుడు పడలేదు. వేతన మాగగనే పనియు నాగెను. దిద్దుబాటు భారము స్వచ్ఛందసేవకులపై బడెను.

పోటీల సంగతి యేమి? 2018లో భారతీయభాషల వికీపీడియాల నడుమ జరిగిన ‘ప్రాజెక్ట్ టైగర్’ వ్యాసరచనపోటీలో పంజాబీవారు ప్రథమస్థానమును, తమిళులు ద్వితీయస్థానమును గైకొనిరి. 2011 జనగణన ననుసరించి మన దేశమున తెలుగు మాతృభాషగ గలవారు 8 కోట్లకు పైబడియుండగా, పంజాబీ మాతృభాషగ గలవారు 3 కోట్ల పైచిలుకు మాత్రమే. సంఖ్యాబలమున మనమధికులము, పట్టుదలలో వారధికులైరి. పోటీ యుత్సాహమును రేపునని మేమును అంగీకరింతుము. కాని పోటీ ముగిసిన మరునాడు పనిలో నిలుచువారెందఱో, అదియే గీటురాయి.

1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులును, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు బూనుకొని యది పూర్తికాకమునుపే 1923లో దివంగతులైనవారును అగు కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరిట తెలుగు వికీపీడియనులు తమలోని యుత్తమసేవకులను సత్కరించియున్నారు. మార్గమిదియే. వ్యాసములను తూచవలెను గాని లెక్కింపరాదు. మన విశ్వవిద్యాలయములును గ్రంథాలయములును ఈ సేవను పాండిత్యసేవగ గుర్తింపవలయును. క్రొత్తవాని మొదటి వ్యాసమును శ్రద్ధతో జదివి, అందలి మంచిని పేర్కొని, యొక్క మంచిమాట వ్రాయుటకు ధనమక్కఱలేదు. ఆ యొక్క మాటకును లోభించు జాతికి విజ్ఞానసర్వస్వ మెట్లు సిద్ధించును?